పాలు పోయొద్దన్న డాక్టరమ్మ

మా ఆవిడ మహేశ్వరి పశువుల డాక్టరు. ఈ సంగతి తెలియగానే కొత్తవాళ్లు ఆమె వైపు గౌరవంగా చూస్తారు. ఆమెతో కలిసి ఒక్కసారి భోజనానికి కూర్చున్నవాళ్లు మాత్రం నా వైపు చూస్తారు, అదీ జాలిగా.

నా పేరు దేవరాజ్. కామారెడ్డిలో హైస్కూలు తెలుగు పంతుల్ని. నాకు మటన్ అంటే ప్రాణం. అలాంటి నాకు దేవుడు, ప్రతి మటన్ ముక్కనూ అనుమానించే మనిషిని ఏరికోరి ముడిపెట్టాడు. ఆదివారం పొద్దున ఆమె నాతో పాటు సంచీ పట్టుకుని బయల్దేరిందంటే యాకూబు దుకాణంలో సందడి మొదలవుతుంది. మొద్దు తుడుస్తాడు, కత్తి కడుగుతాడు, ఈగల మీద టవల్ విసురుతాడు. ఈమె వేలాడుతున్న తొడ మీద ముద్ర వెతుకుతుంది, వేలితో నొక్కుతుంది, వాసన చూస్తుంది, ఎక్కడ కోశావు, ఎవరు చూశారు అని అడుగుతుంది. వెనక వరుస పెరుగుతూ ఉంటుంది. నేను రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ నిలబడతాను.

"సారు, మీరొక్కరే వస్తె చిటికెల పని. మేడం వస్తె నాకు పదో తరగతి పరీక్ష లెక్క ఉంటది" అని యాకూబు నా చెవిలో మొరపెట్టుకుంటాడు.

ఒకసారి అతను కోసిన కార్జంలో తెల్లటి నీటిబుగ్గలు కనబడ్డాయి. యాకూబు మంచివాడే, అమ్మకుండా తీసి కుక్కలకు వేయబోయాడు. ఈమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "కుక్క తిన్నదనుకో, దాని పెంటల నుంచి ఆ రోగం మల్ల మన పోరగాండ్ల కడుపులకే వస్తది. లోతుగ గుంత తీసి పూడ్చు" అంది. అనడమే కాదు, అతను దుకాణం వెనక గుంత తీసి పూడ్చేదాకా పక్కన నిలబడింది. వరుసలో ఉన్నవాళ్లంతా ఆ బుగ్గలు నా కార్జంలోంచే బయటపడ్డట్టు నన్ను గుర్రుగా చూశారు.

పెళ్లిళ్లలో ఇంకా ఘోరం. అందరూ పెళ్లికూతురి నగలు చూస్తుంటే ఈమె వంటవాళ్ల గోళ్లు చూసి వస్తుంది. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ఫోన్లు. పిచ్చికుక్క కరిచిన మేక పాలు తాగాము, ఏం చేయాలని ఒకరు. బర్రె కడుపు ఈసుకుపోయింది, చచ్చిన పిండాన్ని చేతులతో లాగాను, ఇప్పుడు నాకు జ్వరం తగ్గడం లేదని ఇంకొకరు. ముందు మనుషుల దవాఖానకు పొండి అని వాళ్లను తిట్టి పంపి, మర్నాడు పోయారో లేదో మళ్లీ తనే ఫోన్ చేసి కనుక్కుంటుంది. "మనుషుల డాక్టరు రోగం వచ్చినంక చూస్తడు సారూ. మేము దాన్ని కొట్టం కాడనే ఆపుతం" అని నాకు రోజూ పాఠం చెబుతుంది. నేను కోపంగా ఉన్నప్పుడు ఆమె నన్ను 'సారూ' అంటుంది. నాకు కోపం రానప్పుడు కూడా అంటుంది, వస్తుందేమోనని.

ఒక్క విషయం చెప్పాలి. ఇన్నేళ్ల సంసారంలో 'నాది తప్పు' అన్న మాట ఆమె నోట నేను వినలేదు. కూరలో ఉప్పెక్కువైతే అది ఉప్పు తప్పు. బండి తాళాలు పోతే అది తాళాల తప్పు. ఇలాంటి మనిషి నోట ఆ మాట నేను విన్నది ఎల్లారెడ్డి అవతల, పాలకేంద్రం ముందు, ఊరందరి మధ్య. ఆ సంగతే ఇది.

ఆమె పనిచేసే దవాఖాన ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట పోయే దారిలో ఒక ఊళ్లో ఉంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా బస్సు, అక్కడి నుంచి తన స్కూటీ. ఆ ఊళ్లో ఈరవ్వ అని ఒకామె ఉంది. మొగుడు పోయినప్పటి నుంచి ఒక్క బర్రెను నమ్ముకుని బతుకుతోంది. ఆమె పక్కిల్లు మున్నీది. మున్నీ బట్టలు కుడుతుంది, భర్త దుబాయిలో ఉంటాడు. రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీది నుంచే కూరలు, కోపాలు, ముచ్చట్లు అటూ ఇటూ పోతుంటాయి. మున్నీ కూతురు ఇఫ్ఫత్ చిన్నప్పుడు సగం రోజులు ఈరవ్వ కొట్టంలోనే ఆడుకుని అక్కడే నిద్రపోయేదట. ఇప్పుడు ఆ పిల్ల పెళ్లి. బిర్యానీకి కావలసిన పెరుగంతా తనదేనని ఈరవ్వ ఎప్పుడో మాటిచ్చింది.

పెళ్లికి కాస్త ముందు బర్రెకు పొదుగు వాచింది. మా ఆవిడ పోయి సూది వేసింది, వాచిన చన్నులోకి మందెక్కించింది. ఇంకెక్కడి నుంచో ఫోను మోగుతుంటే బండెక్కుతూ, "ఈరవ్వా, నేను చెప్పెదాక పాలు పోయకు" అని చెప్పి వెళ్లిపోయింది. ఈరవ్వ సరేనంది.

ఇఫ్ఫత్ పెళ్లికి మమ్మల్నీ పిలిచారు. పెళ్లి ఆదివారం. ముందు రోజు రెండో శనివారం కాబట్టి నాకు బడి లేదు. ఎల్లారెడ్డిలో పెళ్లికూతురికి చీర కొందామని ఇద్దరం బయల్దేరాం. దుకాణం ముందు బండి దిగబోతుంటే, "ముందు ఈరవ్వ బర్రెను జర చూసొద్దం సారూ" అంది. ఆ 'జర' అన్న మాట ఆమె నోటి నుంచి వచ్చిందంటే ఆ పూట నాది కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటూ మళ్లీ బండెక్కాను.

ఈరవ్వ వాకిట్లో అడుగుపెట్టగానే ఎండుమిరపకాయలు కాల్చిన ఘాటుకు దగ్గొచ్చింది. బర్రె మెడలో నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. నడుమెత్తు గోడ మీద పాత చీర ఒకటి అడ్డంగా పరిచి, అటు నుంచి ఇటు ఏమీ కనబడకుండా కట్టారు. ఈరవ్వ బావ లస్మయ్య మంచం మీద కూర్చుని, ఇంకా ఎక్కడెక్కడ ఏమేం కట్టాలో చెబుతున్నాడు. ఈరవ్వ కళ్లు వాచి ఉన్నాయి.

"పాలు తోడుకుంటలేవు బిడ్డా. తోడు మార్చిన, కుండ మార్చిన, కుండకు గొంగడి సుట్టిన. పొద్దుగాల సూస్తె పాలు పాలలెక్కనే ఉంటున్నయి. రేపు పెండ్లి, నేనేం మొకం పెట్టుకోని పోవాలె" అంది ఈరవ్వ.

"కన్ను వడ్డది" అన్నాడు లస్మయ్య, గడ్డంతో చీర వైపు చూపిస్తూ. "మొన్న పాలకేంద్రం కాడ మున్నీ అందరి ముంగట అన్నది. మా అక్క బర్రె అసుంటి బర్రె మండలంల లేదని. గా దినం సంది గిట్లనే."

అవతల కుట్టుమిషను టకటకా నడుస్తున్నదల్లా టక్కున ఆగింది. లస్మయ్యకు అది వినబడలేదు, లేదా వినబడనట్టు కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. పెద్దమనిషి అయిపోయాడు గాని, లేకపోతే మా తొమ్మిదో తరగతి పిల్లలను నిలబెట్టినట్టు ఆ మంచం మీదే నిలబెట్టేవాణ్ని.

మహేశ్వరి ఇవేవీ పట్టించుకోకుండా కుండ మూత తీసి వాసన చూసింది. "ఏ పాలు తోడేసినవు అవ్వా?" అని అడిగింది.

"నా బర్రెవే. ఇంకేడియి?"

"నేను పాలు పోయొద్దని చెప్పిన కద."

"పోయలే బిడ్డా" అంది ఈరవ్వ, మాట పడ్డదానిలా. "నీ మాట తప్పుతనా? కేంద్రంల ఒక్క సుక్క పోయలే. అడిగినోళ్లకు డాక్టరమ్మ వద్దన్నదని చెప్పిన. వాచిన సన్ను పాలు కూడ తీసి పడేసిన. మంచి సన్ల పాలు మాత్రం ఊకెనే పోవుడెందుకని పిల్ల పెండ్లికి తోడేసిన."

మా ఆవిడ మొహంలో రంగు మారడం నేను చూశాను. నాకూ అప్పుడే అర్థమైంది. మా వైపు పాలు పోయడమంటే అమ్మడం. ఎవరికి పోస్తున్నావు అంటే ఎవరికి అమ్ముతున్నావని. ఈమె ఉద్దేశం ఆ పాలు ఎవరి నోట్లోకీ పోకూడదని. ఈరవ్వకు అర్థమైంది అమ్మకూడదని. నిజాయితీ గల మనిషి కాబట్టి చేతికొచ్చే డబ్బు వదులుకుని, చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఇలాంటి చోట నోరు మూసుకునే గుణం తెలుగు పంతుళ్లకు ఉండదు. "నీ వాక్యంల కర్మ సరిగనే ఉన్నది గని క్రియ తప్పింది. 'ఎవలు తాగొద్దు' అంటె అయిపోవు. క్రియ నీది తప్పితె కర్మ పోయి వీళ్ల నెత్తిన వడ్డది" అన్నాను మెల్లగా.

ఆమె నా వైపు చూసిన చూపు, సూది మందు నింపేటప్పుడు బర్రెల వైపు చూసే చూపు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

తర్వాత మంచం అంచున కూర్చుని ఈరవ్వకు నిదానంగా చెప్పింది. "తోడుల కంటికి కనవడని పురుగులుంటయి అవ్వా. పాలను పెరుగు చేసేటివి గవే. నేను బర్రెకు వేసిన మందు పొదుగుల రోగం పురుగులను సంపెటందుకు. అది నెత్తురుల కలిసి అన్ని సన్లకు వచ్చింది, మంచి సన్లకు గూడ. ఇది రోగం పురుగు, ఇది పెరుగు పురుగు అని దానికి తేడా తెల్వదు. రెండింటిని సంపింది. గందుకే తోడుకోలే."

ఈరవ్వ నోరు తెరుచుకుని వింటోంది. లస్మయ్య మంచం మీద అటు ఇటు కదిలాడు.

"ఈ పాలు ఎవలన్న తాగిన్రా?" అని అడిగింది మహేశ్వరి.

"లేదు బిడ్డా. పెరుగు కాకపాయె, రేపు ఖీర్ల పోద్దమని ఇయ్యాల పాలు కాగవెట్టిన" అంటూ ఈరవ్వ పొయ్యి వైపు చెయ్యి చూపించింది. పొయ్యి మీద పెద్ద గిన్నె.

"కాగితె మందు పోదవ్వా. ఆ మందు పడనోళ్లు తాగితె ఒళ్లంత దద్దుర్లు లేస్తయి, కొందరికైతే ఊపిరి ఆడదు. పడినోళ్ల ఒంట్లకు జర జర పోతుంటె, రేపు నిజంగ రోగమొచ్చిన్నాడు గదే మందు పని చెయ్యకుంట అయితది. పిల్లలు తాగే ఖీర్ అది."

పాలు పారబోయాలనేసరికి ఈరవ్వ గిన్నెకు అడ్డం నిలబడింది. నేల మీద పాలు పోస్తే బర్రె పొదుగు ఎండిపోతుందని ఆమె భయం. మా ఆవిడ ఆమెతో వాదించలేదు. ఇంటి వెనక, బర్రెలు తిరగని చోట గుంత తీసి పోద్దామంది. గుంత తీయడానికి పార నా చేతికిచ్చింది. కామారెడ్డిలో నా దగ్గర ఛందస్సు నేర్చుకున్న పిల్లలెవరూ ఆ దారిన రాకపోవడం నా అదృష్టం. మహేశ్వరి కుండలు, గిన్నె తెచ్చి తన చేత్తోనే పోసింది. ఈరవ్వ మొహం అటు తిప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను మట్టి కప్పాను. నాకూ మనసు చివుక్కుమంది, ఒప్పుకుంటున్నాను.

చేతులు కడుక్కుని, ఆ చీర చాటు నుంచి కాక వీధి గుమ్మం గుండా మున్నీ ఇంటికి పోయాం. పెళ్లివారిల్లు. అరుగు మీద పెళ్లి బట్టలు, మిషను మీద సగం కుట్టిన జాకెట్టు. మున్నీ కుర్చీలు వేసింది, చాయ్ పెట్టింది, ఏమీ జరగనట్టే మాట్లాడింది. మహేశ్వరి అసలు సంగతి చెబుతుంటే మాత్రం ఆమె కప్పు కింద పెట్టేసింది.

"అంత ఇన్న మేడం. గోడే కద అడ్డం" అంది మున్నీ. "పెరుగు పోతె పోయింది, ఎల్లారెడ్డిల కొంటం. గని నేనొస్తుంటె పాలకేంద్రం కాడ ఆడోళ్లు గిన్నెల మీద కొంగు కప్పుతున్రు. ఈరవ్వక్క నాతోని ఒక్క మాట గూడ అనలే. చీర కట్టింది, గంతే. రేపు ఇఫ్ఫత్ పోతది. అక్క రాకపోతె నేను పిల్లనెట్ల తోలియ్యాలె చెప్పుండ్రి."

మా ఆవిడ ఆ చాయ్ పూర్తిగా తాగింది. ఏ పాలతో పెట్టావని అడగకుండా ఆమె చాయ్ తాగడం నేను చూడటం అదే మొదలు.

బయటికొచ్చాక, "చెప్పాల్సింది చెప్పినవు కద, ఇగ పోదం పా" అన్నాను.

"ఇద్దరికి చెప్తె సరిపోతదా సారూ? మాట పుట్టింది పాలకేంద్రం కాడ" అంది. సాయంత్రం పాలు పోసే వేళ దాకా ఉంటానంది. ఈలోపు నన్ను ఊరికే కూర్చోనిస్తుందా? స్కూటీ తాళాలిచ్చి ఎల్లారెడ్డికి పెరుగు కోసం తోలింది. నేను రెండు క్యాన్ల పెరుగును కాళ్ల మధ్య పెట్టుకుని, ప్రతి గుంత దగ్గరా దేవుణ్ని తలచుకుంటూ తెచ్చాను. తెచ్చినందుకు మెచ్చుకోలు లేదు. మూత తీసి, చెంచా గుచ్చి, గట్టిగా తోడుకుందని తేలాకే లోపల పెట్టనిచ్చింది.

సాయంత్రం పాలకేంద్రం ముందు వరుస కట్టారు. క్యాన్లు, తంబిలు, గిన్నెలు. వరుస చివర ఈరవ్వ ఉత్త చేతులతో నిలబడింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియాలి. మహేశ్వరి అడిగిందని మున్నీ కూడా వచ్చింది గాని, దూరంగా కరెంటు స్తంభం దగ్గర ఆగిపోయింది. ఆమెను చూసి ఒకామె కొంగు తీసి గిన్నె మీద కప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఆవిడ మెట్టు ఎక్కి నిలబడింది. వరుసంతా ఆమె వైపు తిరిగింది. పశువుల డాక్టరు వచ్చి మెట్టెక్కిందంటే ఏ రోగమో ఊరి మీద పడిందని అనుకుని ఉంటారు.

"ఈరవ్వ బర్రె పాలు తోడుకోలేదని మీ అందరికి తెలుసు" అంది. "తోడుకోనిది నేనేసిన సూది వల్ల. ఆ పాలు ఎవలు తాగొద్దని చెప్పాలె. నేను తొందరల పోయొద్దని చెప్పి పోయిన. ఈరవ్వ నా మాట ఇన్నది. తప్పు నాది. మున్నీ కన్ను అని ఎవలెవలు అన్నరో, వాళ్లు గా మాట ఇప్పుడు నా మొకం మీద అనుండ్రి."

వెనక నుంచి ఒక ముసలాయన, "అయితె డాక్టరమ్మకు దిష్టి తీయాలె" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆమె కూడా నవ్వి, "తీయుండ్రి, గని ఇది గుర్తువెట్టుకోండ్రి. సూది వేసిన బర్రె పాలు డాక్టరు చెప్పెదాక ఎవలు తాగొద్దు, ఎవలకు తాపొద్దు, అమ్మొద్దు, తోడెయ్యొద్దు, కాగవెట్టొద్దు" అంది. క్రియలన్నీ వరసపెట్టి చెప్పింది. ఏ ఒక్కదాన్నీ వదల్లేదు.

అప్పుడు వరుస మధ్యలో ఒకతను తన క్యాను మూత బిగించుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంటి దారి పట్టాడు. అతని వెనక ఇంకొకామె కూడా తంబి చంకన పెట్టుకుని కదిలింది. మహేశ్వరి వాళ్లిద్దర్నీ చూసింది. పేర్లు పెట్టి పిలవలేదు. సూది పడ్డ బర్రెల ఆ పాలు ఆ పూట ఎన్ని ఇళ్లకు చేరేవో, ఏ పసిపిల్లల గ్లాసుల్లోకి పోయేవో తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నాళ్లూ మటన్ దుకాణంలో బస్సులు లెక్కపెట్టిన నేను ఆ మెట్టు మీద నిలబడ్డ మనిషిని చూసి చాలా గర్వపడ్డాను. ఈ మాట ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంట్లో ఇక నా మాట సాగదు.

ఇంతలో ఈరవ్వ వరుస వదిలి స్తంభం దగ్గరికి నడిచింది. మున్నీ ముందు నిలబడింది. మున్నీ మణికట్టు పట్టుకుని లాక్కుపోయింది. మున్నీ రానని కాసేపు బిగదీసుకుంది, తర్వాత నడిచింది. మేమూ వెనకే పోయాం.

ఈరవ్వ ఆమెను తిన్నగా కొట్టంలోకి తీసుకుపోయి బర్రె ఎదురుగా నిలబెట్టింది.

"సూడు" అంది. "ఎట్లున్నదో చెప్పు."

మున్నీ తల దించుకుంది. చాలాసేపు కాళ్ల కింది గడ్డి వైపే చూసింది. చివరికి, "బక్కగ ఉన్నది అక్కా. ఒళ్లే లేదు. ఏం బర్రె ఇది" అంది. తన నోటి మంచి మాట ఆ కొట్టానికి ఇక తగలకూడదని జాగ్రత్త పడుతోందని నాకు తెలిసిపోయింది. పక్కన మహేశ్వరి ముక్కు ఎగబీల్చింది.

ఈరవ్వ రెండు చేతులతో మున్నీ మొహం పట్టుకుని పైకెత్తింది.

"గట్ల అనకు చెల్లె. నువ్వు గట్లంటె నేను బతుకలేను. మంచిగున్నదని అను."

మున్నీ కళ్ల నీళ్లు ఈరవ్వ చేతుల మీదుగా కారాయి. "మంచిగున్నది అక్కా" అంది. "మండలంల గిసుంటి బర్రె లేదు."

"ఇంకోపారి అను" అంది ఈరవ్వ.

మున్నీ ఇంకోసారి అంది.